వాయిదా నుంచి వాయిదాకు: ఒక రిమాండ్ ఖైదీ రాతప్రతి మీద చేసిన పని

విజయనగరంలో నేను చేసే పని, మొదటిసారి పుస్తకం రాసేవారి రాతప్రతులను చదివి, రచయితతో కూర్చుని, వాటిని అచ్చుకు సిద్ధం చేయడం. నా దగ్గరకు వచ్చేవాటిలో కవితా సంపుటాలు, ఊరి చరిత్రలు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుల ఆత్మకథలు ఎక్కువ. జైలు జీవితం గురించి ఏ ఉద్యమంతోనూ సంబంధం లేని మామూలు నిందితుడు రాసుకున్న రాతప్రతి అరుదు. అటువంటిది ఒకటి వచ్చి, పుస్తకమై బయటకు వెళ్ళేదాకా జరిగిన పనిని, తీసుకున్న నిర్ణయాలను ఇక్కడ నమోదు చేస్తున్నాను.

రచయిత శ్రీకాకుళం జిల్లాకు చెందిన లారీ డ్రైవరు. లారీలో సరుకు కింద గంజాయి దొరికిన కేసులో ఉత్తరాంధ్రలోని ఒక జైల్లో రెండేళ్ళకు పైగా రిమాండ్ ఖైదీగా ఉన్నారు. చివరకు కోర్టు కేసు కొట్టివేసింది. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను గాని, ఆయన పేరు, ఊరు, జైలు పేరు ఇవ్వడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. రాతకు సంబంధించినవి మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

పుస్తకం ఆకారం ఈ కేసు స్వభావం నుంచే వచ్చింది కాబట్టి చట్టం గురించి కొంత చెప్పాలి. మాదకద్రవ్యాల నియంత్రణకు 1985లో వచ్చిన చట్టం కింద గంజాయి 20 కిలోలు దాటితే దానిని వాణిజ్య పరిమాణంగా లెక్కిస్తారు. నేరం రుజువైతే పదేళ్ళకు తగ్గకుండా, ఇరవై ఏళ్ళ వరకు శిక్ష పడవచ్చు. మామూలు కేసుల్లో 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిల్ హక్కు వస్తుంది. ఇక్కడ ఆ గడువు 180 రోజులు, ప్రాసిక్యూటరు కోరితే ప్రత్యేక కోర్టు దానిని ఏడాది వరకు కూడా పొడిగించవచ్చు. దానికి తోడు ఈ చట్టంలోని 37వ సెక్షన్ ప్రకారం, ప్రాసిక్యూటరు అభ్యంతరం చెప్పినప్పుడు, నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయనీ, బయటకు వెళ్ళి మళ్ళీ నేరం చేయడనీ కోర్టుకు నమ్మకం కలిగితే తప్ప బెయిల్ రాదు. అందువల్ల శిక్ష పడకుండానే, ఎప్పుడు బయటపడతాడో ఎవరూ చెప్పలేకుండానే మనిషి ఏళ్ళ తరబడి లోపల ఉండిపోతాడు. ఆ అంతుతెలియని కాలాన్ని కాగితం మీద ఎలా నిలపాలన్నదే ఈ రాతప్రతిలో నేను చూసిన అసలు సమస్య.

రాతప్రతి వచ్చేనాటికి

విడుదలైన తర్వాత ఆయన మూడు పెద్ద లెక్కల పుస్తకాల్లో రాసుకున్నారు. మొదటి పుస్తకం మొత్తం కేసు: లారీ ఎక్కడ లోడయింది, ఎవరు ఏం చెప్పారు, తనకు ఏం తెలియదు. రెండోది బాధ. మూడోది లోపల కలిసిన మనుషుల కథలు. వీటితో పాటు, జైలు నుంచి భార్యకు రాసిన ఉత్తరాల కట్ట ఒకటి ఉందని మాటల్లో చెప్పారు. పుస్తకానికి అవి పనికివస్తాయని ఆయనకు తోచలేదు. నేను అడిగి తెప్పించుకున్నాను.

రెండు రాతలనూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు ఇద్దరు వేర్వేరు మనుషులు రాసినట్టు అనిపించింది. ఉత్తరాల్లో ఉన్న మనిషి, బట్టల సబ్బు అయిపోయిందని, పచ్చ లుంగీ కాదు గళ్ళ లుంగీ పంపమని, కొబ్బరినూనె సీసా లోపలికి రానివ్వలేదు కాబట్టి ఈసారి తేవద్దని, పాప ఎన్నో ఎక్కం దాకా వచ్చిందో రాయమని అడుగుతాడు. లెక్కల పుస్తకంలో ఉన్న మనిషి ఇలా రాస్తాడు:

“ఆ చీకటి కొట్టులో ప్రతి క్షణం ఒక యుగంలా గడిచింది. నా కన్నీళ్ళకు ఆ నాలుగు గోడలే సాక్ష్యం. భగవంతుడా, నేను చేసిన పాపమేమిటి?”

ఇది అబద్ధం కాదు. ఆయన బాధ నిజమే. కాని ఈ వాక్యాలు ఆయనవి కావు. జైలు అనగానే మన సినిమాలు దశాబ్దాలుగా చూపిస్తూ వచ్చిన చీకటి గది, ఊచలు, పైనుంచి పడే ఒక వెలుగు చార, ఆయన చూసిన జైలును కప్పివేశాయి.

మాదిరి ఎక్కడ ఉంది?

ఆయన జైలు సాహిత్యం ఏదీ చదవలేదు. చదివినా మాదిరి వెంటనే దొరికేది కాదని నా అభిప్రాయం. తెలుగులో జైలుకు, రాతకు ఉన్న సంబంధం పాతదే. తానీషా చెరలో ఉన్న రామదాసు రాముడితో మాట్లాడాడు, వేడుకున్నాడు, చేయించిన నగల ఖర్చు లెక్క చెప్పి నిలదీశాడు. ఆ కీర్తనల్లో వినేవాడు ఒకడు ఎదురుగా ఉన్నాడు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని 1922లో రాయవెల్లూరు జైల్లో రాశారు, జైల్లో పుట్టినా అది ప్రధానంగా జైలు గురించిన పుస్తకం కాదు. దాశరథి నిజామాబాదు జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశారు. రచయిత సొంత జిల్లా శ్రీకాకుళం సంగతికి వస్తే, నరసన్నపేట దగ్గరి గోనెపాడులో పుట్టిన గరిమెళ్ళ సత్యనారాయణ, తెల్ల దొరతనం వద్దన్న పాటకు జైలుకు వెళ్ళారు.

వీరందరికీ ఉన్నది ఈ లారీ డ్రైవరుకు లేదు. రాజకీయ ఖైదీ లోపలికి వెళ్ళేటప్పుడే వెంట ఒక కారణాన్ని, బయట ఒక పాఠకుడిని పెట్టుకుని వెళ్తాడు. ఆయనకు జైలు గౌరవమే గాని మచ్చ కాదు. గంజాయి కేసులో పోయినవాడికి ఊళ్ళో ఎదురయ్యేది వేరు: “జైలుకెళ్ళొచ్చినోడు” అనే మాట కోర్టు తీర్పు తర్వాత కూడా పోదు. అతని రాత మొదటి పేజీ నుంచే సంజాయిషీగా మారడానికి కారణం ఆ మాటే. ఈ ఇబ్బంది లేని దారి ఒకటి వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథల్లో కనిపిస్తుంది. నిజాం కాలంలో రాజకీయ ఖైదీగా వెళ్ళిన ఆయన, తనను పక్కన పెట్టి, తోటి మామూలు ఖైదీల వైపు చూశారు. ఇంటికి దగ్గరగా, విశాఖపట్నంలో వకీలుగా ఉన్న రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘ఆరు సారా కథలు’ ఉన్నాయి. అవి జైలు గోడ దాకా తీసుకెళ్ళే మద్యనిషేధ కేసుల, పోలీసుల, కోర్టుల కథలు.

కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథల గ్రంథాలయం, కథానిలయానికి వెళ్ళి ఇవి చదవమని చెప్పాను. ఆళ్వారుస్వామి గురించి ఆయన ఏమీ అనలేదు. రావిశాస్త్రి కోర్టు మాత్రం ఆయనకు నవ్వు తెప్పించింది. కోర్టు వరండాలో నిలబడ్డవాడికి లోపల జరిగే ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, తన పేరు వినిపించగానే చేతులు కట్టుకోవడం తనకూ అలవాటైపోయిందని చెప్పారు. ఆ మాటను అక్కడే రాయించాను. రాతప్రతిలో ఆయన సొంతమైన మొదటి వాక్యం అదే.

ఆర్పని లైటు

తిరగరాయమని నేను చెప్పలేదు. ‘చీకటి కొట్టు’ పేజీ ముందు పెట్టుకుని ప్రశ్నలు మాత్రం అడిగాను. బ్యారక్‌లో ఎంతమంది? మీ చోటు తలుపుకు దగ్గరా, మరుగుదొడ్డికి దగ్గరా? కుడిపక్కన ఎవరు? తల ఎటు పెట్టుకునేవారు? రాత్రి వినిపించేది ఏమిటి? జవాబులు చెబుతూ చెబుతూ ఆయన ఒకచోట ఆగి, “రేతిరి లైటార్పరు కదా మాస్టారూ, ఆ ఎలుతురుకే నిద్రట్టీది కాదు” అన్నారు.

ఎదురుగా ఉన్న పేజీలో ఆయన చేతిరాతతో ‘చీకటి కొట్టు’ అని ఉంది. జైలు బ్యారకుల్లో కాపలా కోసం రాత్రంతా లైటు వెలుగుతూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆయనను బాధపెట్టింది వెలుగు. కలం పట్టుకున్నప్పుడు చేతికి వచ్చింది చీకటి. ఇది ఎత్తి చూపినప్పుడు ఆయన నొచ్చుకోలేదు. కాసేపు పేజీ వైపు చూసి, “మరి జైలంటే సీకటే కదా అంటారు” అన్నారు. ఆ భాగం చివరకు ఇలా స్థిరపడింది:

“రాత్రి లైటు ఆర్పరు. మొదటి రోజుల్లో తువ్వాలు కళ్ళకు కట్టుకుని పడుకునేవాడిని. తువ్వాలు కట్టుకున్నవాడు కొత్తవాడని అందరికీ తెలిసిపోతుంది. పాతవాళ్ళు లైటుకు ఎదురుగా, కళ్ళు తెరుచుకునే నిద్రపోతారేమో అనిపించేది. తువ్వాలు ఎప్పుడు మానేశానో నాకు గుర్తు లేదు. ఒకరోజు పక్కన కొత్తగా వచ్చిన కుర్రవాడు తువ్వాలు కట్టుకుంటుంటే చూశాను, అప్పుడు తెలిసింది నేను మానేశానని.”

ఇందులో కన్నీళ్ళు లేవు, దేవుడు లేడు. లోపలి జీవితానికి మనిషి అలవాటు పడిపోవడమనే భయంకరమైన విషయం మాత్రం ఉంది, అది కూడా ఆ పేరుతో లేదు. జైలు రాతలో బాధను నేరుగా చెప్పే వాక్యాలు త్వరగా అరిగిపోతాయి. మూడో పేజీలో ‘నరకం’ అన్న తర్వాత ముప్పయ్యో పేజీలో అనడానికి ఏమీ మిగలదు. వస్తువులు, చోటు, పద్ధతులు అలా అరగవు. కొత్తవాడికి ఎక్కడ చోటిస్తారు, బకెట్ ఎవరిది, విడుదలయ్యేవాడు దానిని ఎవరికి ఇచ్చి వెళ్తాడు అన్నవాటిలోనే లోపలి సమాజపు హోదాలన్నీ ఉన్నాయి. ఆయనకు అవన్నీ గుర్తున్నాయి, కాని రాయదగినవని అనుకోలేదు.

ములాఖత్ అధ్యాయమూ ఇలాగే మారింది. మొదటి రాతలో భార్య వలకు అటువైపు, తాను ఇటువైపు నిలబడి రెండు పేజీలు ఏడ్చారు. నిజంగా ఏం మాట్లాడుకున్నారని అడిగితే ఆయన చెప్పింది ఇది: “ఏడవడానికి టైమెక్కడిది మాస్టారూ? ఆ కాసేపట్లో గేసు బుక్కు ఎవలి పేరునుందో, పాప ఫీజెలా కట్టాలో, వకీలుబాబుకెంతిచ్చిందో అన్నీ తెలవాల. పక్కన పదిమంది అరుత్తంటారు, మనం అంతకన్నా గట్టిగా అరవాల.” పుస్తకంలో ఇప్పుడు ఆ సంభాషణే ఉంది. గ్యాసు బుక్కు గురించి ఇద్దరు గట్టిగా అరుచుకుంటారు. ఏడుపు భార్య తిరుగు ప్రయాణంలో ఉండవచ్చు, కాని ఆ ప్రయాణంలో ఆయన లేరు కాబట్టి దానిని రాయలేదు.

కాలం

ఎక్కువ పని పట్టింది ఇక్కడే. రెండో లెక్కల పుస్తకంలో ప్రతి పేరా ‘ఒకరోజు’ అని మొదలవుతుంది. ఒకరోజు గొడవ జరిగింది, ఒకరోజు పాము వచ్చింది, ఒకరోజు మంత్రిగారు వచ్చారు. వరుసగా చదివితే జైల్లో రోజూ ఏదో ఒకటి జరుగుతూ ఉంటుందనిపిస్తుంది. జరిగినవన్నీ నిజమే, వాటి మధ్య ఏమీ జరగని వందల రోజులు ఉన్నాయన్నది రాతలోకి రాలేదు. సంఘటనలనే ఏరి చెప్పడం కథ చెప్పేవాడి సహజ గుణం. జైలు రాతకు అదే ద్రోహం చేస్తుంది.

జరగకపోవడాన్ని విసుగు పుట్టకుండా రాయడానికి తెలుగు క్రియల్లోనే ఒక వసతి ఉంది. ‘లేచాను’ అంటే ఒకసారి జరిగినది. ‘లేచేవాళ్ళం’ అంటే ఎన్నిసార్లో లెక్కలేనంతగా జరిగినది. మొదట ఒక పొడవైన అధ్యాయం మొత్తాన్ని ఈ రెండో రకం క్రియలతోనే రాయించాను. అందులో ప్రత్యేకమైన రోజు ఒక్కటీ ఉండకూడదన్నది నియమం. తాళం తీసినప్పటి నుంచి చీకటి పడకముందే మళ్ళీ తాళం పడేదాకా, ఒకే రోజు అన్ని రోజులకూ సరిపోయేలా:

“తెల్లవారి తాళం తీయగానే ఇద్దరిద్దరుగా కూర్చునేవాళ్ళం. లెక్క సరిపోతే లేచేవాళ్ళం. సరిపోకపోతే మళ్ళీ కూర్చునేవాళ్ళం. లెక్క తప్పేది మనుషులు తగ్గి కాదు, లెక్కపెట్టేవారు తడబడి.”

ఇలా ఇరవై పేజీలు. పాఠకుడు పారిపోతాడని రచయిత భయపడ్డారు. అంతకుముందు చదివిన ఇద్దరు మిత్రులు కూడా అదే అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఈ ఇరవై పేజీలు చదివినవాడికి, తర్వాతి అధ్యాయం మొదట్లో “శుక్రవారం లెక్క మూడోసారి కూడా తప్పింది” అన్న ఒక్క వాక్యం వచ్చేసరికి గుండె జారుతుంది. ఆ వాక్యానికి బలం దానిలో లేదు, ముందున్న పేజీల్లో ఉంది. పాము, మంత్రిగారు రెండూ పుస్తకం నుంచి వెళ్ళిపోయాయి. పాము పోయినందుకు ఆయనకు ఇప్పటికీ కొంచెం వెలితిగానే ఉంది.

తర్వాతి ప్రశ్న, పుస్తకాన్ని దేనితో భాగాలు చేయాలి? ఆయన నెలలవారీగా చేశారు. కాని లోపల ఆయన నెలలు లెక్కపెట్టలేదు. శిక్ష పడిన ఖైదీ కాలం వేరు, రిమాండ్ ఖైదీ కాలం వేరు. కఠిన శిక్ష పడినవాడికి కుట్టుపనో, మగ్గమో, తోటపనో ఏదో ఒక పని ఉంటుంది, దానికి కూలి ఉంటుంది. సత్ప్రవర్తనకు తగ్గే రోజులతో కలిపి వేళ్ళ మీద లెక్క వేసుకోవడానికి ఒక ఆఖరి తేదీ ఉంటుంది. రిమాండ్ ఖైదీ సొంత బట్టలు కట్టుకుంటాడు, అతనితో పని చేయించరు, అతనికి ఆఖరి తేదీ లేదు. బయటివారికి ఇవి వెసులుబాటులుగా కనిపిస్తాయి. రోజంతా ఖాళీగా కూర్చున్నవాడికి పని ఉన్నవాడిని చూస్తే అసూయ కలుగుతుందని ఆయన రాసిన పేజీ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చినది. అటువంటివాడికి ఉన్న కొలత ఒక్కటే, వాయిదా. కోర్టు కస్టడీని ఒక్కో విడత పదిహేను రోజులకు మించకుండా పొడిగిస్తూ పోతుంది. వ్యాన్‌లో కోర్టుకు తీసుకెళ్ళినా, తెర మీద ముఖం చూపించి పంపేసినా, ఆ రోజు చివర మిగిలేది ఇంకొక తేదీ.

వాయిదా పడినప్పుడల్లా కారణం ఏమిటో వకీలు ఒక ముక్కలో చెప్పేవారట. ఏ నెలలో ఏం జరిగిందో తడుముకునే ఆయన, ఆ కారణాలను మాత్రం వరుస తప్పకుండా అప్పజెప్పారు. అవే అధ్యాయాల పేర్లయ్యాయి: ‘సాక్షి రాలేదు’, ‘ఎస్కార్టు లేదు’, ‘ల్యాబు రిపోర్టు రాలేదు’, ‘జడ్జిగారు సెలవు’, ‘సాక్షి వచ్చాడు, ప్రాసిక్యూటరు రాలేదు’, మళ్ళీ ‘సాక్షి రాలేదు’. విషయసూచికను చూసిన ఒక న్యాయవాది మిత్రుడు, ఇక పుస్తకం చదవనక్కరలేదని హాస్యమాడాడు. అధ్యాయాల పొడవు సమానంగా ఉంచలేదు. ఒక వాయిదాకు పద్దెనిమిది పేజీలు, ఒకదానికి నాలుగు వాక్యాలు.

నిర్దోషిత్వం గురించి జరిగిన తగాదా

మొదటి లెక్కల పుస్తకాన్ని దాదాపు మొత్తం తీసేయాలని నా సలహా. కేసు ఎలా పడింది, కోర్టు ఏం తేల్చింది అన్నవి ఒక పేజీలో చెప్పి, నేరుగా బ్యారక్‌లోకి వెళ్ళాలి. ఎందుకంటే లోపల లైటు ఆర్పకపోవడం, ములాఖత్‌లో అరవడం, వాయిదా కోసం కూర్చోవడం దోషికీ నిర్దోషికీ ఒకటే. రచయిత నిర్దోషి కాబట్టే ఈ బాధ గురించి వినాలని పాఠకుడికి అనిపిస్తే, పక్కన పడుకున్న మిగతావారి బాధకు విలువ లేదని పుస్తకమే ఒప్పుకున్నట్టవుతుంది.

ఆయన ఒప్పుకోలేదు. “అది తీసేత్తే నానే సేసినాననుకుంటారు జనం” అన్నారు. ఈ మాటను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. పుస్తకం చదివేది సాహిత్య పాఠకులే కాదు, ఆయన ఊరు కూడా. పాప చదువుకునే బడి కూడా. చివరకు ముందుమాటగా నాలుగు పేజీలు ఉంచాం. అందులో వాదన లేదు, తేదీలు, కోర్టు నిర్ణయం మాత్రమే ఉన్నాయి. నా దృష్టిలో ఇప్పటికీ అది మూడు పేజీలు ఎక్కువ.

ఇతరుల కథలు

మూడో లెక్కల పుస్తకంలో సాహిత్యపరంగా మంచి భాగాలు ఉన్నాయి, ప్రమాదం కూడా అక్కడే ఉంది. రాత్రి తాళం పడిన తర్వాత పక్కవాడు చెప్పుకున్న కథ, అచ్చులోకి వెళ్తుందని తెలిసి చెప్పినది కాదు. వారిలో కొందరి కేసులు ఇంకా నడుస్తున్నాయి. అందువల్ల ఒక కొలత పెట్టుకున్నాం: లోపల ఆ మనిషి ఏం చేసేవాడో రాయవచ్చు, బయట ఏం చేశాడని అంటున్నారో రాయకూడదు. ఇద్దరు ముగ్గురిని కలిపి ఒక పాత్రగా చేసే పద్ధతి ఉంది గాని, జ్ఞాపకాల పుస్తకంలో నేను దానిని ఒప్పుకోను. లేని మనిషిని ఉన్నాడని చెప్పడం కంటే ఉన్న మనిషి గురించి తక్కువ చెప్పడం మేలు.

ఈ కొలత వల్ల నష్టపోతామని అనుకున్న పాత్రలు బాగుపడ్డాయి. అందరికీ అర్జీలు రాసిపెట్టే ఒక పెద్దాయన మీద హత్య కేసు ఉంది. మొదటి రాతలో ఆ హత్యే సగం అధ్యాయం. అది పోయాక, అర్జీలో ‘తమరి పాదపద్మములకు’ అని రాయాలా వద్దా అని ఖైదీలతో ఆయన చేసే వాదన, బీడీ కట్టకు ఎన్ని పేజీలు అన్న బేరం మిగిలాయి. లోపల ఆయనను అందరూ ‘మూడొందల రెండు’ అని పిలిచేవారు. 2024 జూలై 1 నుంచి కొత్త న్యాయసంహితలో హత్యకు 103వ సెక్షన్ వచ్చింది గాని, కథ అంతకుముందుది కాబట్టి పాత అంకెనే ఉంచాం.

ఒక అధ్యాయాన్ని మాత్రం పూర్తిగా తీసేశాం. బాలికపై లైంగిక నేరం ఆరోపణ ఉన్న ఒక ఖైదీ గురించినది అది. అందులో బాలిక పేరు లేదు, కాని నిందితుడి ఊరు, ఆమెకు అతడు ఏమవుతాడో ఉన్నాయి; ఊళ్ళో ఎవరైనా రెండు నిమిషాల్లో పోల్చుకోగలరు. పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం బాలల పేరు మాత్రమే కాదు, కుటుంబం, చిరునామా, బడి, పరిసరాలు సహా వారిని గుర్తుపట్టించే ఏ వివరమూ వెల్లడి కాకూడదు. చట్టం లేకపోయినా ఆ అధ్యాయం ఉండకూడదనే నా అభిప్రాయం. రచయిత దీనికి వెంటనే ఒప్పుకున్నారు. జైలు సిబ్బందిలో ఎవరి పేరూ పుస్తకంలో లేదు, హోదాలే ఉన్నాయి. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళే అవకాశాన్ని కూడా దృష్టిలో పెట్టుకుని మొత్తం రాతప్రతిని న్యాయవాది చేత చదివించాం.

భార్య అభ్యంతరం వేరే చోట వచ్చింది. వకీలు ఫీజు కోసం ఆమె అప్పు తెచ్చిన వైనం ఒక అధ్యాయంలో ఉంది. “రాయొద్దనడం నేదు బాబూ. ఎవలికాడ తెచ్చినానో రాయొద్దు” అని ఆమె అన్నారు. అప్పు ఇచ్చిన మనిషి అధ్యాయంలోంచి పోయాడు, అప్పు ఉంది, వడ్డీ ఉంది. ఆ అధ్యాయం అచ్చుకు ముందు ఆమెకు చదివి వినిపించాం. ఒకటి రెండు చోట్ల ఆమె సరిదిద్దిన అంకెలే ఇప్పుడు పుస్తకంలో ఉన్నాయి.

ఎవరు ఏ భాష మాట్లాడాలి

కథనమంతా ఆయన మాటతీరులోనే ఉండాలని నేను, ‘పుస్తకం బాస’లో ఉండాలని ఆయన. గురజాడ నుంచి చాసో, రావిశాస్త్రి, కారా దాకా ఈ ప్రాంతపు మాటకు సాహిత్యంలో ఉన్న గౌరవం గురించి నేను చెప్పిందంతా ఓపికగా విని, అవన్నీ చదువుకున్న పెద్దలు రాసినవి కాబట్టి చెల్లాయనీ, తాను అలా రాస్తే చదువు రానివాడు రాశాడంటారనీ ఆయన అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. కథనం వ్యావహారిక రాతభాషలో, సంభాషణలు నోటి మాటలో ఉంచాం.

సంభాషణల్లో ఒక విషయంపై మాత్రం నేను పట్టుబట్టాను. మొదటి రాతలో ఖైదీలందరూ శ్రీకాకుళం యాసలో, వార్డర్లు, జైలరు చక్కని పుస్తక భాషలో మాట్లాడుతున్నారు. నిజానికి ఆ హెడ్ వార్డరుది కూడా పాలకొండ వైపు ఊరేనని ఆయనే చెప్పారు. అధికారం ఉన్నవాడి నోట్లో యాస మాయం కావడం మన సినిమాల నుంచి వచ్చిన మరో అలవాటు. వార్డరు “ఏటా సూపులు, లేవండెహె” అని అదిలించినప్పుడు, కొట్టేవాడు, తినేవాడు ఒకే నీళ్ళు తాగి పెరిగినవారన్న సంగతి పాఠకుడికి విడిగా చెప్పనక్కరలేకుండా తెలుస్తుంది. జైలరు కృష్ణా జిల్లా వారట. ఆయన భాష అలాగే ఉంది.

ముగింపు, అచ్చు

జైలు పుస్తకాలు గేటు దగ్గర ముగుస్తాయి: తలుపు తెరుచుకుంటుంది, ఎండ కళ్ళలో పడుతుంది, ఎదురుగా కుటుంబం. ఆయనా అలాగే రాశారు. కాని వాయిదాలతో నడిచిన పుస్తకం వాయిదాతోనే ముగియాలి. ఆఖరి అధ్యాయం పేరు ‘తీర్పు’. తీర్పు విన్న తర్వాత ఆయన అదే వ్యాన్‌లో జైలుకు తిరిగి వచ్చారు, ఎందుకంటే విడుదల ఉత్తర్వు కాగితం జైలుకు చేరాలి. ఆ రాత్రి నిర్దోషిగా అదే బ్యారక్‌లో, అదే లైటు కింద పడుకున్నారు. పుస్తకం ఆ రాత్రి లెక్కతో ఆగిపోతుంది. బయటి జీవితం గురించి ఏమీ లేదు. అది ఇంకొక పుస్తకం, దానిని రాసే ఉద్దేశం తనకు లేదని ఆయన స్పష్టంగా చెప్పారు.

పుస్తకం కలం పేరుతో వెలువడింది. ఊళ్ళో అందరికీ ఎవరు రాశారో తెలుసు, అయినా కవరు మీద పేరు లేకపోవడం పాపకు తేలికగా ఉందని భార్య అన్నారు. అమ్మకం కొద్దిపాటిదే. సాహిత్య మిత్రుల్లో కొందరికి ఇరవై పేజీల అధ్యాయం నచ్చలేదు, కొందరికి అదే నచ్చింది. నేను ఎక్కువగా పట్టించుకున్నది, గతంలో కొన్నాళ్ళు లోపల ఉండి వచ్చిన ఒక పాఠకుడి ఫిర్యాదును. కుళాయి దగ్గర లైను గురించి ఒక్క పేరానే ఉందనీ, లోపల గొడవలన్నీ మొదలయ్యేది నీళ్ళ దగ్గరేననీ, అది రాయనివాడు జైలు రాసినట్టు కాదనీ ఆయన ఫోన్ చేసి చెప్పారు. రచయితకు ఈ మాట చేరవేస్తే, నీళ్ళ గొడవల గురించి తాను రాసినదాంట్లో చాలా భాగం పాముతో పాటే పోయిందని గుర్తుచేశారు. రెండో ముద్రణ కోసం ఆ పేజీలను వెనక్కి తెప్పించుకుని, ‘ఒకరోజు’లు తీసేసి, రోజూ జరిగినవిగా మళ్ళీ రాయిస్తున్నాను.